కొయ్యని చీర

పోయిన వారం మనం కమలాక్షిని హిందూపురం నుంచి ధర్మవరం వచ్చే బస్సులో, పెనుకొండ కోట కనబడే మలుపు దగ్గర వదిలేశాం. ఒళ్ళో చేతిసంచి గట్టిగా పట్టుకుని, చెయ్యరాని పని చేసి వచ్చిన మనిషిలా తల దించుకుని కూర్చుంది. కూతురు సంగీత తెరచాపల ఓడ ఎక్కి మంగళూరు నుంచి మారిషస్ మీదుగా ఆఫ్రికా కొసదాకా, నాలుగు నెలలు నీళ్ళ మీదే పోతానని పట్టుబట్టింది. తండ్రి తిమ్మరాజు సమ్మతి కాగితం మీద సంతకం పెట్టాడు. తల్లి పెట్టలేదు. ఆ కాగితంలో ఏడో వరుస చదివించుకున్నాక దాన్ని తీసి పొయ్యి పక్కకు విసిరేసింది. ఓడ మీద ప్రాణం పోతే శరీరాన్ని సముద్రానికే అప్పగించడానికి మేము ఒప్పుకుంటున్నాం అని ఉంది అందులో.

తల్లీతండ్రీ ఇద్దరూ సంతకం పెట్టందే ఎవరి బిడ్డనూ ఎక్కించుకోనని ఓడ కెప్టెన్ అమర్‌నాథ్ నియమం. ఆయనది హిందూపురమే. సంగీత మాత్రం ఆ కాగితాన్ని ఏరుకుని, తల్లి సంతకం లేకుండానే ఆయనకు పంపింది. ఆయన ఎక్కడ ఒప్పుకుంటాడోనని కమలాక్షి ఎవరికీ చెప్పకుండా ఆయన ఇంటికి వెళ్ళి, "నా బిడ్డకు మూర్ఛ ఉండాది సార్" అని అబద్ధం చెప్పింది. సాక్ష్యానికి, ట్రంకుపెట్టె అడుగున ఎనిమిదేళ్ళుగా దాచిన మందుల చీటీ ఒకటి ఆయన చేతిలో పెట్టింది. పేరు రాసి ఉన్న పైముక్కను మాత్రం ముందే చింపేసింది.

ఆ చీటీ ఎవరిదో ఈ లోకంలో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

మరుసటి రోజు పొద్దున్నించీ కమలాక్షి చెవులు ఫోను మీదే ఉన్నాయి. హిందూపురం నుంచి ఫోను వస్తుంది. పిల్ల పనికిరాదంటారు. సంగీత ఒక పూట ఏడుస్తుంది, రెండు పూటలు అన్నం మానేస్తుంది, ఆ తర్వాత పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో మానుకున్న ఉద్యోగానికే మళ్ళీ పోతుంది. ఏడిస్తే ఏడవనీ. కళ్ళ ముందర ఏడుస్తుంది కదా.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. ఓడల గురించి ఫోనులో ఏం కనబడినా వదలకుండా చూసేది. డెబ్బై అడుగుల స్తంభం మీదికి తాళ్ళ నిచ్చెన పట్టుకుని పాకే మనుషులు, గాలికి ఒక పక్కకు ఒరిగిపోయిన ఓడ, మేడంత లేచిన నీళ్ళు. ఆ నీళ్ళలో ప్రతిసారీ ఆమెకు కూతురి చెయ్యి ఒక్కటే, మణికట్టు దాకా, కనబడేది. వెంటనే ఫోను బోర్లా పెట్టేది. కాసేపటికి మళ్ళీ తీసి చూసేది.

సంగీత లోపల బ్యాగు సర్దుకుంటోంది. మంగళూరులో మూడు నెలల శిక్షణకు పోయి, తాళ్ళు లాగి లాగి అరచేతులు మొద్దుబారి వచ్చింది. తిమ్మరాజు మగ్గం గుంటలో కూర్చుని పెళ్ళిచీర నేస్తున్నాడు. కొంగు అయిపోవచ్చింది, జానెడు మిగిలింది. ఆయన మగ్గం పక్కనే ఇంకో మగ్గం, వెలిసిపోయిన దుప్పటి కప్పి ఉంది. దాని జోలికి ఆ ఇంట్లో ఎవరూ పోరు.

పన్నెండు దాటాక ఇంటి ముందు కారు ఆగింది. ముందుగా పక్కింటి పెద్దక్క గొంతు వినబడింది.

"ఏమే కమలాక్షీ, ఎవరో తెల్లమీసాలాయప్ప వచ్చినాడే మీ ఇంటికి. పాపకు సంబంధమా? పెండ్లికొడుక్కి రోంత వయసెక్కువాయె చూడు!"

"సంబంధమేనమ్మా," అన్నాడు వచ్చినాయన చెప్పులు విప్పుతూ. "పిల్లోడు మాత్రం నీళ్ళలో ఉంటాడు."

పెద్దక్క పగలబడి నవ్వింది. కమలాక్షి కాళ్ళకు తెచ్చిన నీళ్ళ చెంబు ఇవ్వకుండా గడపకు అడ్డంగా నిలబడింది. ఫోను రావాల్సిన చోట మనిషే వచ్చాడు.

"సార్! మీరే వచ్చినారా?" అంటూ సంగీత పరుగెత్తుకుంటూ వచ్చింది. "సాయంత్రం బస్సుకు నేనే వస్తాంటి కదా."

అమర్‌నాథ్ ఆమె వైపు చూసి నవ్వలేదు. స్టూలు లాక్కుని మగ్గం పక్కన కూర్చున్నాడు.

"తిమ్మరాజన్నా, నాడె రోంచేపు ఆపప్పా. మాట్లాడాల."

పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె నిలిచి మగ్గం ఆగింది. నేతగాళ్ళ వీధిలో పట్టపగలు మగ్గం ఆగితే పక్కింటివాళ్ళు చెవులు రిక్కిస్తారు. పెద్దక్క ఇంట్లో టీవీ సౌండు తగ్గింది.

"సంగీతా, నీకెప్పుడన్నా ఫిట్స్ వచ్చినాయా?"

"నాకా?" సంగీత నవ్వింది. "మీ డాక్టరే కద సార్, తలకాయకు వైర్లు పెట్టి చూసింది. ఏమీ లేదనె."

"ఉన్యా ఒక్కోసారి కనబడదంట. మీయమ్మ నిన్న మా ఇంటికొచ్చి చెప్పె, వచ్చినాయని."

సంగీత తల్లి వైపు తిరిగింది. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, ఎక్కడికి పోవాలో తెలియనట్టు.

"మా, మడకశిరలో పిన్నమ్మ కాడికి పోతానంటివే. హిందూపురం యాల పోయింటివి?"

కమలాక్షి ఈ మాట కోసం నిన్నటి నుంచీ జవాబు కూడబలుక్కుని ఉంది. "నీ మంచికే పోయింటి. వచ్చినాయి నీకు. చిన్నప్పుడు, నిద్దట్లో. నీకు గుర్తుండదు."

"నాకు తెలీకుండానా?" అన్నాడు తిమ్మరాజు గుంటలోంచి.

"నీకు ఆ గుంట తప్ప ఈ ఇంట్లో ఇంకేమి తెలుసప్పా? పిల్లోల్లు ఏ క్లాసు చదివిరో చెప్పు చూద్దాం."

తిమ్మరాజు తెగిన పోగు ఒకటి వెతికి ముడి వేసుకున్నాడు. పాతికేళ్ళుగా ఆయన గెలిచిన వాదం ఒక్కటీ లేదు.

అమర్‌నాథ్ చొక్కా జేబులోంచి చీటీ తీసి మోకాలి మీద సాపు చేశాడు. "ఈ చీటీ ఇచ్చింది మీయమ్మ. పైన పేరు చినిగిపోయిండాది. తల్లి చెప్తాంది కదా అని నేనూ నమ్మితి. నీ పేరు కొట్టేసేదానికి పెన్ను కూడా తీసినా. ఫైల్లో పెట్టల్ల కదా, కాపీ తీద్దామని ఇయ్యాల పొద్దున తిప్పితే, వెనకాల కూడా రాసిండాది."

కమలాక్షికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు డాక్టరు చీటీ తిప్పి రెండు వరుసలు రాసిన మాట నిజమే. ఆమెది ఏడో తరగతి తెలుగు చదువు. ఆ ఇంగ్లీషు గీతలు కూడా మందుల పేర్లేననుకుంది. పేరు పైన మాత్రమే ఉంటుందనుకుంది, పైముక్క చింపింది, అంతటితో పనైపోయిందనుకుంది.

"చదువు సంగీతా. తెలుగులో చెప్పు."

సంగీత చీటీ అందుకుంది. మొదట పెదవులు మాత్రం కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది.

"అభిషేక్‌ను నీళ్ళ దగ్గరికి గానీ, ఎత్తు మీదికి గానీ ఒంటరిగా పంపకూడదు. తల్లికి వివరంగా చెప్పాను."

"ఈ అభిషేక్ ఎవరమ్మా?" అన్నాడు అమర్‌నాథ్.

తిమ్మరాజు తల తిప్పి దుప్పటి కప్పిన మగ్గం వైపు చూశాడు. అమర్‌నాథ్‌కు అది చాలింది.

అభిషేక్ ఈ ఇంటి పెద్దబిడ్డ. ఎనిమిదేళ్ళ కిందట, పదిహేడో ఏట పోయాడు. ఆ ఏడు వానలు పడి, బత్తలపల్లి దగ్గర చిత్రావతిలో చాన్నాళ్ళకు నీళ్ళొచ్చాయని ఊరు ఊరంతా చూడ్డానికి పోయింది. అన్నాచెల్లెళ్ళు ఒకే సైకిలు మీద పోయారు. అభిషేక్ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చెల్లెల్ని పిలుస్తూ పిలుస్తూ పడిపోయాడు. ఆటకు పడ్డాడనుకుని గట్టు మీద నిలబడి పదిహేనేళ్ళ సంగీత చప్పట్లు కొట్టి నవ్వింది. జనం పరుగెత్తుకుని వెళ్ళి తీసేసరికి ఊపిరి లేదు. మోకాలి లోతు నీళ్ళలో ఎదిగిన పిల్లవాడు ఎట్లా పోయాడన్నది ఆ రోజు నుంచీ ఎవరికీ అర్థం కాలేదు.

ఆస్పత్రి వరండాలో కమలాక్షి కూతురి జుట్టు పట్టుకుని అన్న మాట ఒక్కటే. "చూస్తా నిలబడినావు కదే." ఆ తర్వాత అన్నం పెడుతూ అంది. తల దువ్వుతూ అంది. పదో తరగతి పాసైన రోజున అంది. ఆ మాట పడలేకే సంగీత హిందూపురం కాలేజీలో ఈత నేర్చుకుంది. నీళ్ళంటే ఆ పిల్లకు ఇష్టమని అందరూ అనుకున్నారు.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది, అత్తగారి అత్త కాలం నుంచీ. ఇంట్లోంచి ఎవరైనా దూరం పోతే, క్షేమంగా చేరినట్టు కబురందేదాకా వాళ్ళు కూర్చున్న మగ్గం మీది చీర కొయ్యరు. వాళ్ళకు మగ్గం లేకపోతే ఇంటి మగ్గం మీదిదే ఆగుతుంది. అభిషేక్ నేస్తూ వదిలిన సగం చీర ఎనిమిదేళ్ళుగా అట్లాగే, నిలువు పోగుల పడుగుతో సహా ఉంది. కమలాక్షి కొయ్యనివ్వలేదు. వాడు యాడికో పోయినాడంతే అనేది.

సంగీత చీటీ ముందువైపు తిప్పి, అడుగున డాక్టరు సంతకం కింద తేదీ చూసింది.

"జూన్ నెలలో చూపించినావు. అన్న పోయింది అక్టోబరులో. నాలుగు నెలల ముందరే తెలుసు నీకు."

"తెలుసు," అంది కమలాక్షి.

"నాయనకు?"

"ఎవరికీ చెప్పల్యా. వంటింట్లో నా ముందర పడి కొట్టుకున్యాడు. నోట్లో గుడ్డ పెట్టి, తలుపేసి, కూచున్యా. ధర్మవరంలో చూపిస్తే ఊరందరికీ తెలుస్తాదని హిందూపురం పిలుచుకొని పోయినా. మూర్ఛోడని పేరుపడితే వానికి నేసేదానికి పట్టు ఎవరిస్తారు? పిల్లనెవరిస్తారు? మాత్రలు మింగితే అణిగిపోతాదనె డాక్టరు. వానికి కూడా బలం మాత్రలనే చెప్తి. దినామూ పొద్దున నా చేత్తో ఇచ్చి, నీళ్ళు తాగిందాకా ఎదురుగా నిలబడి మింగించినా. మళ్ళీ రాల్యా. తగ్గిపోయిందనుకున్యా."

"ఆ పొద్దు మేము పోతామంటే సైకిల్ బయటికి తీసిచ్చింది నువ్వే కద మా."

"నువ్వుంటివి కద వాని తోడు. ఒంటరిగా పంపొద్దనె డాక్టరు. నేను ఒంటరిగా పంపల్యా."

సంగీత ఆ మాటను లోపల రెండుసార్లు తిప్పుకున్నట్టుంది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. "నన్ను కాపలా పంపినావు. దేనికి కాపలానో చెప్పకుండా పంపినావు."

"చెప్తే నువ్వు వీధంతా టాంటాం వేసుందువు. పదైదేండ్ల నోరు నీది."

"ఎనిమిదేండ్లు మా! తినే కూడు కాడ, పండుకునే మంచం కాడ, చూస్తా నిలబడినావంటివే. ఒక్క పొద్దన్నా నీ నాలిక తడబడల్యా?"

కమలాక్షి కూతురి కళ్ళలోకి సూటిగా చూసింది. దాచిందంతా బయటపడ్డాక ఇక భయపడడానికి ఏమీ మిగలనట్టు అనిపించింది ఆమెకు. ఆ తేలికలో నోటికి వచ్చింది అనేసింది.

"ఎవర్నో ఒకర్ని అనకుంటే నేను బతకలేకపోతి. నన్ను నేను అనుకొని ఉంటే ఆ పొద్దే చచ్చుందును. నువ్వు చిన్నదానివి, మోస్తావులే అనుకున్యా. మోసినావు కదా."

గుంటలోంచి తిమ్మరాజు లేచాడు. చేతులు ఆనించుకుని పైకి వచ్చాడు, మగ్గం అంచున వేలాడే కత్తెర తీసుకున్నాడు. రెండో మగ్గం దగ్గరికి పోయి దుప్పటి లాగేశాడు. దుమ్ము లేచింది. ఆకుపచ్చ పట్టు, మామిడిపిందెల జరీ అంచు, సగం చీర.

"ఏమప్పా!" కమలాక్షి అరిచింది. "ముట్టొద్దు. దాన్ని ముట్టొద్దు చెప్తాండా!"

"వాడు చేరినాడు మే," అన్నాడు తిమ్మరాజు. గొంతులో కోపం కూడా లేదు. "ఎనిమిదేండ్ల ముందరే చేరినాడు. నువ్వే తోలింటివి."

బిగుతుగా ఉన్న పడుగు మీద కత్తెర వేస్తే వచ్చే చప్పుడు నేతగాళ్ళకు తెలుసు. ఒక్కసారిగా తెగదు. పిడికెడు పోగులు తెగి వెనక్కి దూకుతాయి, మళ్ళీ పిడికెడు, మళ్ళీ పిడికెడు. ప్రతి పిడికెడుకూ కమలాక్షి కడుపు పట్టుకుంది. చివరి పోగు తెగాక, నేసిన బట్ట చుట్టుకున్న కొయ్య పట్టు తప్పి గిర్రున తిరిగింది. ఆకుపచ్చ చీర మడతలు మడతలుగా నేల మీద పడింది.

చీరతో పాటు ఇంకేవో రాలాయి.

జరీ రాసుకోకుండా మడతకూ మడతకూ మధ్య నేతగాళ్ళు కాగితం పెడతారు. ఆ కాగితాల అంచులో ఎవరో చిన్న చిన్న పొట్లాలు చుట్టి దోపారు. పదకొండు పొట్లాలు. సంగీత ఒకటి విప్పింది. నలిగి సగం పొడైపోయిన లేత గులాబి రంగు మాత్ర.

ఆ రంగు కమలాక్షికి కొత్త కాదు. నాలుగు నెలలు దినామూ అరచేతిలో పెట్టుకుని చూసిన రంగు.

"వాడు మింగినాడు," అంది. "నా ముందరే మింగినాడు. నీళ్ళు తాగి నోరు తెరిచి చూపించె."

కమలాక్షి తలెత్తి కూతురి మొహం చూసింది. ఆ మొహం ఆమెకు తెలుసు. ఆస్పత్రి వరండాలో ఒక్కసారి చూసింది దాన్ని.

"ఏమే?" అంది. "ఏమి తెలుసు నీకు?"

"నాలిక కింద," అంది సంగీత. పొట్లాన్ని మళ్ళీ చుట్టసాగింది. "మత్తొస్తాందే, నాడె జారిపోతాంది, నాయన తిడతాండాడు అనె అన్న. బడిలో మాకు ఐరన్ మాత్రలిస్తాంటిరి. టీచరు చూస్తాంటే నాలిక కింద పెట్టుకోని, పోయినంక తీసేస్తాంటిమి అందరమూ. అట్ల చెయ్యిరా అని నేనే చెప్తి. బలం మాత్రలంటివి కద మా. బలం మాత్రలే కదా అని... నువ్వే కదా అంటివి..."

గోడ అవతల పెద్దక్క టీవీ పూర్తిగా ఆగిపోయింది.

అమర్‌నాథ్ లేచి నిలబడ్డాడు. "చాలు తల్లీ. ఇంగ చాలు. సంగీతా, నీ మీద నాకే అనుమానమూ లేదు. నువ్వు కుట్టిన తెరచాప మాదిరి ఆ ఓడ మీద ఇంకెవ్వరూ కుట్టలేరు. కానీ ఈ పొద్దు నిన్ను పిలుచుకొని పోలేను. మనసు ఈడ పెట్టి స్తంభమెక్కితే చెయ్యి జారుతాది. నీ బదులు వేరేవాళ్ళను చూసుకుంటాలే."

నిన్నటి నుంచీ కమలాక్షి ఎదురుచూసిన మాట అదే. హిందూపురం దాకా బస్సులో పోయి, అబద్ధమాడి, కొడుకు చీటీ చింపి అడుక్కున్న మాట. వచ్చేసింది. కూతురు ఇక ఎక్కడికీ పోదు. రేపు పొద్దున, ఎల్లుండి పొద్దున, ఈ మొహమే ఈ ఇంట్లో తిరుగుతుంది. ఎదురుగా కూర్చుని అన్నం తింటుంది.

"సార్," అంది. "ఆ కాగితం ఇట్లియ్యి."

"ఏ కాగితమమ్మా?"

"సంతకం కాగితం. ఇద్దరూ పెట్టల్ల కదా నీ రూలు. ఆయప్ప పెట్టినాడు. నేను పెట్టల్యా."

"కోపంలో వద్దు తల్లీ."

"కోపం యాడుండాది సార్? చూడు, ఉండాదా? ఇయ్యి."

ఆమె చెయ్యి చాచే ఉంది. అమర్‌నాథ్ సంచిలోంచి కాగితం తీయక తప్పలేదు. కమలాక్షి దాన్ని స్టూలు మీద పరిచి, వేలితో వరుసలు లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఏడో వరుస దగ్గర వేలు ఆగింది.

"శవం సంగతి ఇదే కదా?"

ఆయన తలూపాడు.

ఆ వరుస కిందనే, ఖాళీ లేని చోట ఇరికించి, ఒక్కో అక్షరమూ దిద్దినట్టు తన పేరు రాసింది. పెన్ను మూత పెట్టి ఆయనకిచ్చింది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"పో. చేరినానని ఫోను చెయ్యొద్దు. నీ కోసం ఈ ఇంట్లో ఏ చీరా ఆగదు."

తిమ్మరాజు చేతిలో కత్తెర ఇంకా వేలాడుతోంది. కమలాక్షి అది లాక్కుని ఆయన మగ్గం దగ్గరికి నడిచింది. సంగీత కోసం ఆగాల్సిన చీర అదే, జానెడు కొంగు మిగిలిన పెళ్ళిచీర. ఆమె కత్తెర రెండు రెక్కలూ తెరిచి పడుగు మీద ఆనించింది.

సంగీత వచ్చి తల్లి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. తాళ్ళు లాగి మొద్దుబారిన అరచేతిని తీసి, బిగుతుగా ఉన్న ఆ పోగుల మీద, తెరిచిన కత్తెర నోట్లో పెట్టింది.

"కొయ్యి మా," అంది.